రెండు మోతలు

మా అమ్మాయి నా ఫోన్ తీసుకుని ఒక్కొక్కరికీ ఒక్కో మోత పెట్టింది. తనకి పిట్ట కూత, అల్లుడికి వీణ, అమ్మకాలవాళ్ళకి నోరు మూత. "మోత వింటేనే తెలిసిపోతుందమ్మా, ఎత్తాలో అక్కర్లేదో" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అవన్నీ తీయించేసి అందరికీ ఒకే మోత పెట్టించుకున్నాను. ఎవరిదైనా సరే, మొదటి మోతకే ఎత్తుతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మోత వింటే తెలిసిపోయే ఫోను ఖరగ్‌పూర్‌లో మా ఇంట్లో ఉండేది. ఎనభైల నాటి మాట. నాన్న సిగ్నల్ ఇన్‌స్పెక్టరు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టరు ముందుగదిలో, స్టూలు మీద, రైల్వేవాళ్ళ నల్ల ఫోను. ఎక్కడ సిగ్నల్ చెడినా నాన్నను పిలవడానికి ఇచ్చింది. దాంట్లో ఇంటి కబుర్లు చెప్పుకోవడం నాన్నకు తలవంపు.

అందుకని తన ఉద్యోగంలోంచే ఒక పద్ధతి తెచ్చిపెట్టారు. పక్కపక్క స్టేషన్లు గంటలు కొట్టి ఒకదానికొకటి రైలు సంగతి చెప్పుకుంటాయి. ఎన్ని గంటలకి ఏమిటర్థమో లెక్క ఉంటుంది. మా ఇంటి లెక్క ఇదీ: రెండుసార్లు మోగి ఆగిపోతే, క్షేమంగా చేరాను. మూడైతే, ఈ పూటే వస్తున్నాను, నాకూ బియ్యం పొయ్యి. ఆరు దాకా మోగితేనే ఎత్తాలి. స్టేషన్లలో ఆరు గంటలంటే ప్రమాదం. "ఆ ఆరూ మనింటికెందుకండీ" అని అమ్మ గొణిగేది. నాన్న బయటికెళ్ళిన రోజు ఆ రెండు మోతలూ వినేదాకా ఆవిడ అన్నం ముట్టేది కాదు.

పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ కిటికీలోంచి "బౌదీ, ఫోన్ బాజ్‌ఛే!" అని కేకేసేది, వదినా ఫోను మోగుతోందని. మేం కదిలేవాళ్ళం కాదు. మాకు చెవుడనుకుందేమో పాపం. లెక్కపెట్టే పని నాది. పదో తరగతి చదువుతున్నాను, ఆ లెక్క నాకు తప్పదని మహా పొగరు.

ఆ రోజు వాన. నాన్న పొద్దుటి ప్యాసింజరులో ఒరిస్సా వైపు ఒక చిన్న స్టేషన్‌కి వెళ్ళారు. పదకొండుకల్లా రావలసిన మోత పన్నెండు దాటినా రాలేదు. అమ్మ గుమ్మానికీ ఫోనుకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఒంటిగంటకి మోగింది. రెండో మోతకే అమ్మ చెయ్యి చాచింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆగమ్మా, ఆరు దాకా ఎత్తకూడదు."

ఫోను ఆగిపోయింది.

"సూసినావా, రెండే. సేరిపోనారు" అన్నాను.

అమ్మ ముఖం తేటపడింది. కంచం పెట్టుకుని కూర్చుంది. తోటకూర పులుసు. నాలుగు ముద్దలు తిన్నదో లేదో మళ్ళీ మోగింది. మళ్ళీ రెండే.

"మళ్ళీ ఏటే?" అని ఎంగిలి చేత్తోనే లేవబోయింది.

"లైను కలిసిందో లేదో అని మళ్ళీ కొట్టుంటారు. నువ్వు తిను" అని కూర్చోబెట్టాను. పులుసు బాగా కుదిరిందని మళ్ళీ వడ్డించమంది. వడ్డించాను.

మూడింటికి ఆఫీసు మనిషి తడుస్తూ సైకిల్ మీద వచ్చాడు. నాన్నకి గుండెనొప్పి వచ్చిందనీ, బండిలో తీసుకొస్తున్నారనీ చెప్పాడు. మేం ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి నాన్న లేరు. దించింది శవాన్ని.

పదకొండో రోజు ఆ చిన్న స్టేషన్ మాస్టరు మా ఇంటికొచ్చాడు. మన శ్రీకాకుళం వైపు మనిషే. ఆ రోజు సంగతి అమ్మతో చెప్పాడు.

"సిగ్నల్ కాడి నుంచి గుండె పట్టుకుని ఒచ్చినారమ్మా. నా కుర్సీలో కూకోబెట్టినాను. డాక్టరు కోసం కబురెట్టినాను. ఈలోగా ఇంటికి కలపమన్నారు, ఓపాలి మాట్లాడతానన్నారు. వోనకి లైను ఆగలేదు, రెండు మోతలకే తెగిపోనాది. 'అయ్యో, సుకంగా సేరినాననుకుంటారు' అని నవ్వినారు. మళ్ళీ కలిపినాను, మళ్ళీ రెండే. ఇంకోపాలి కలపనా అంటే ఒద్దన్నారు. 'ఈపాటికి అన్నానికి కూకునుంటాది, లేపకు' అన్నారు."

రెండో మోతకి అమ్మ చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది. నేను పట్టుకోకపోతే ఆవిడ నాన్న గొంతు వినేది. అది నా తప్పే. అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అమ్మ నన్ను నాలుగు తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది.

స్టేషన్ మాస్టరు వెళ్ళిపోయాక అమ్మ తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది.

"ఆ పూట మారు కూడా ఒడ్డించుకున్నాను కదే, అమ్మీ" అంది.