ముప్పై దిండు గలీబులు

కోరా గుడ్డను నీళ్లలో ముంచగానే గంజి వాసన లేస్తుంది. మొన్న మార్కాపురంలోని మా కుట్టు షెడ్డులో కొత్త తాను నానబెడుతుంటే ఆ వాసన తగిలి, నారాయణమ్మత్త గొంతు వినిపించినట్టయింది. "నానబెట్టకుండా కోసినావంటే ఉతికినాక ఏడుస్తావ్ పో!" ఆమె నన్ను తిట్టని రోజు ఒక్కటీ గుర్తులేదు. నాకు కోపం వచ్చిన రోజులు మాత్రం చాలా ఉన్నాయి.

తర్లుపాడు దగ్గర మా ఊళ్లో ఆమెది మా పక్కిల్లు. చుట్టరికం లేదు, పిలుపే అత్త. కంది చేను చేసుకుంటూనే ఊరందరికీ సంచులు, బొంతలు, దిండు గలీబులు కుట్టేది. కాగితం మీద గీసిన కొలతలు ఆమెకు అక్కర్లేదు. టేపు ముట్టేది కాదు. దిండునే గుడ్డ మీద పడుకోబెట్టి, చుట్టూ కుట్టుకు బొటనవేలు మందం, మూతి దగ్గర మడతకు నాలుగు వేళ్లు వదిలి కత్తెర పెట్టేది. "టేపులో అంకెలు కనపడతాయి గానీ దిండు కనపడదే" అనేది.

పదో తరగతి తప్పి నేను ఆమె దగ్గర చేరిన ఏడాది వానలు లేవు. అమ్మ, నాయన మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోవడానికి సిద్ధమయ్యారు. నన్నూ రమ్మన్నారు. నాకు చచ్చినా వెళ్లాలని లేదు. ఒకసారి వెళితే ఏటా వెళ్లాల్సిందే, ఇక మిషను మొహం చూడను. సరిగ్గా అప్పుడే ఒక హాస్టలుకు ముప్పై గలీబులు కుట్టే పని అత్తకు వచ్చింది. "ఇయ్యి నువ్వు కుట్టు. బాగుంటే వాళ్లే మళ్లా పనిస్తారు. మీ నాయనతో నేను మాట్లాడతా" అంది. నమూనా దిండు ఒకటి నా ముందు పడేసి, "మూడు జానల పొడుగు, రెండు జానల వెడల్పు. అయినా పెట్టి చూసుకో" అని చెప్పి, పెండ్లికని గిద్దలూరు పోయింది.

నేను పెట్టి చూస్తేనా! పని వచ్చేసిందన్న పొగరు. నా జానతోనే ముప్పై చకచకా కోసి, కుట్టేశాను కూడా. అత్త తిరిగొచ్చి మొదటిదాంట్లో దిండు దూర్చింది. సగం దాకా పోయి ఇరుక్కుంది. ఆమెది చేట లాంటి చెయ్యి, నాది పదహారేళ్ల పిల్ల చెయ్యి.

"దిండు పక్కన పెట్టుకోని చేతిని నమ్మినావేందే?"

ఇక మిరప తోటే గతి అనుకుని గోడకు తల ఆనించి ఏడ్చాను. ఆమె జాలిపడలేదు. "ఏడ్చేది తర్వాత ఏడుద్దువు గానీ, విప్పు. అన్నీ విప్పు."

"వేరే గుడ్డ యాడుందత్తా?"

"చిన్నగా కోసినావు కదా, మిగిలింది యాడికి పోతాది?"

నిజమే, తానులో చాలానే మిగిలింది. దాన్ని పట్టీలుగా కోసి, ఈసారి ప్రతిదాన్నీ దిండుకు పెట్టి చూసి, పక్కన ఒకటి, మూతికి ఒకటి అతికాను. మూడు రోజులు పట్టింది. వేళ్లు బొబ్బలెక్కాయి. అత్త పక్కన కూర్చుని కందులు చెరిగింది గానీ సూది ముట్టలేదు.

హాస్టలు మేడం అతుకు చూసి, "ఇదేందమ్మా?" అంది. ఫ్యాషన్ అని చెప్పేద్దామా అనిపించింది. అత్త నన్నే చూస్తోంది. "తప్పు కోసినాను మేడం. విప్పి సరిచేసినా" అన్నాను. మేడం రెండు చేతులతో కుట్టును గట్టిగా లాగింది. ఊడలేదు. కిటికీ తెరలు కూడా కుట్టమంది.

బయల్దేరే రోజు నాయన వచ్చి, "మూట కట్టుకోలేదేంది పాపా?" అన్నాడు. నేను అత్త వైపు చూశాను. అత్తే లేచి నిలబడింది.

"అదెట్ల వస్తాది అన్నా? దానికి పనుండాది."

కూలి కాదు, పని. ఆ మాట నాయన కూడా విన్నాడు. కాసేపు నా ఒళ్లోని తెరల గుడ్డను చూసి, "అయితే జాగ్రత్త తల్లీ" అని వెళ్లిపోయాడు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె చెయ్యి నాకు రాలేదు, మొండితనం మాత్రం వచ్చింది. నిన్న ఒక తండ్రి, కూతుర్ని కోతలకు తీసుకుపోతానని మా షెడ్డుకు వచ్చాడు. ఆ పిల్ల పొద్దున్నే నాలుగు సంచులు తప్పు కోసి, నాతో తిట్లు తిని, బిక్కమొహంతో కుట్లు విప్పుతోంది. నేను గుమ్మంలోకి ఎదురెళ్లాను.

"అదెట్ల వస్తాది అన్నా? దానికి పనుండాది."