బంతి కనబడని వారం

డిగ్రీ చేతికొచ్చి, బి.ఎడ్. సీటు ఇంకా రాని ఆ నడిమి కాలం ఉంటుంది చూడండి, అప్పుడు మనిషికి ఇంట్లో ఒక పని అంటూ ఉండదు, అందుకని అందరి పనులూ మన నెత్తినే పడతాయి. ఆ చలికాలమంతా మార్కాపురంలో మా ఇంట్లో నేను గ్యాస్ బుక్ చేసేదాన్ని, అవ్వ కళ్ళలో మందు వేసేదాన్ని, కాన్పుకొచ్చిన మా అక్క బిడ్డకు నీళ్ళు కాచేదాన్ని. ఇవి చాలవన్నట్టు, డిగ్రీలో జువాలజీ చదివిన పాపానికి ప్రాణమున్న ప్రతిదానికీ నేనే జవాబు చెప్పాల్సి వచ్చేది. దోమలు ఎక్కువైతే మా నాయన "జువాలజీ చదివినావు గదా, ఏంది సంగతి?" అని నన్నే నిలదీసేవాడు. నిజానికి నేను వానపామును కోసింది కంప్యూటర్ తెర మీద మాత్రమే. బతికున్న వానపాము కనబడితే ఇప్పటికీ కాళ్ళు పైకి పెట్టుకుంటాను.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున మా చిన్నమామ బెంగళూరు నుంచి బస్సు దిగి వచ్చినాడు. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. అక్కడ పెంపుడు జంతువులు అమ్మే దుకాణంలో పని చేసేవాడు. దుకాణం మూతబడిందట. భుజాన బ్యాగు, చేతిలో గాలి బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ పెట్టె. పెట్టెలో చిలకేమోనని మా అవ్వ దగ్గరికి పోయి తొంగి చూసింది. (అవ్వకు రెండు కళ్ళూ మసకే. "ఏం చిలకరా ఇది, అరవదు?" అంది.) లోపల మట్టిరంగు ఒంటి మీద తేనెరంగు మచ్చలతో, బారెడు పొడుగు పాము.

"భయపడొద్దక్కా, దీనికి విషం లేదు. మన దేశం పాము గాదు. భయమేస్తే బంతి మాదిరి చుట్టుకుంటది, అంతే. అందుకే దీన్ని బంతీ అని పిలుస్తా" అన్నాడు మామ.

అమ్మ ఆ పెట్టె వంక చూడకుండా, "పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి పామును తెచ్చినావా?" అంది.

"ఎవరికన్నా ఇచ్చేస్తా. కూడిక అయిపోనీ."

కూడిక అంటే బిడ్డ పుట్టినందుకు మా ఇంట్లో పెట్టుకున్న కృతజ్ఞత ప్రార్థన. ఆ శనివారం సాయంత్రం మా చర్చి సంఘమంతా వస్తుంది. వెలిగండ్ల నుంచి అక్క అత్తగారు కూడా వస్తుంది. ఆమె నవ్వగా మేమెవ్వరం చూడలేదు. అమ్మ చేసేదేం లేక బంతిని వెనక గదిలో, బియ్యం డబ్బాల పక్కన పెట్టనిచ్చింది. బాలింత బెదురుతుందని అక్కకు మాత్రం చెప్పొద్దంది.

రెండు రోజులు గడిచినాయో లేదో, ఒక మధ్యాహ్నం మామ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడినాడు. "పాపా, బంతి లేదు" అన్నాడు. పోయి చూస్తే పెట్టె మూత మూసినట్టే ఉంది, ఒక మూల మాత్రం వేలు దూరేంత లేచి ఉంది. లోపల నీళ్ళ గిన్నె తొణకలేదు. అంత పెద్ద ప్రాణి అంత సందులోంచి, ఒక్క చుక్క నీళ్ళు ఒలకబోయకుండా ఎట్ల పోయిందో తలుచుకుంటే నా మెడ వెనక ఎవరో ఊదినట్టయింది.

మా ఇంట్లో నేలంతా పలకరాయి బండలు. గోడల్లో గూళ్ళు కూడా ఆ రాయివే. నల్లగా, నున్నగా, బండకూ బండకూ మధ్య సందులతో ఉంటాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ సందులు ఆ రోజే నాకు నోళ్ళలాగా కనబడినాయి. బియ్యం డబ్బాలు జరిపినాము, పరుపులు దులిపినాము, బూట్లు బోర్లించినాము. సాయంత్రం నాయన పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి సంగతి విని, మామ మీద కేకలేస్తాడనుకుంటే, మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "అది ఎక్కడికి పోతది? నువ్వు చెప్పు" అన్నాడు.

పాము దవడలో ఎముకల పేర్లన్నీ నాకు వచ్చు. అది ఎక్కడికి పోతుందో ఏ పేపర్లోనూ అడగలేదు. ఫోన్లో వెతికి, చలికాలంలో ఇట్లాంటివి వెచ్చని చోటు వెతుక్కుంటాయని చదివి వినిపించినాను. చదవకుండా ఉంటే బాగుండేది. అందరం ఒకేసారి అక్క గది వైపు చూసినాము. ఇంట్లో అన్నిటికన్నా వెచ్చగా ఉండేది, ఉన్ని గుడ్డల్లో చుట్టిన ఆ బిడ్డే.

ఆ గది తలుపు కింద అమ్మ పాత చీర కుక్కింది. పందికొక్కు దూరిందని అక్కకు చెప్పింది. అప్పటి నుంచి ఒకరు పోతే ఒకరం ఆ గుమ్మం ముందు స్టూలేసుకొని కూర్చున్నాము. "ఒక పందికొక్కుకు ఇంతమందా?" అని అక్క లోపలి నుంచి నవ్వేది.

మర్నాటి నుంచి ఇల్లు మారిపోయింది. అంతకుముందు మిద్దె కింద అటకలో ఎలుకలు పొద్దస్తమానం పరుగులు తీసేవి. ఆ చప్పుడు ఆగిపోయింది. గోడ మీద బల్లి గూడా పలకడం మానేసింది. ఇల్లు చెవులు రిక్కించి వింటున్నట్టు ఉండేది. మేము గూడా వింటుండేవాళ్ళం. స్నానానికి పోతే తోడు, దొడ్లోకి పోతే తోడు. టార్చి పట్టుకొని అమ్మ ముందు నడిస్తే ఆమె కొంగు పట్టుకొని నాయన వెనక నడిచేవాడు. (వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నడవడం నేను పెళ్ళి ఫోటోలో తప్ప చూసింది లేదు.)

గురువారం అనుకుంటాను, బిడ్డకని ఉతికి మడిచి గూట్లో పెట్టిన గుడ్డల్లోంచి ఒకటి లాగినాను. దానితో పాటు ఇంకేదో జారి నా మణికట్టు మీద పడింది. పల్చగా, ఉల్లిపొర లాగా, బరువే లేదు. కుబుసం. తల నుంచి తోక దాకా చిరగలేదు. కళ్ళ మీద పొర గూడా రెండు చిన్న అద్దాల్లాగా అట్లాగే ఉంది. ఎవరూ లేని ఆ కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఆ గూడు అక్క గది గుమ్మానికి ఆనుకొని ఉంది. నేను స్టూలు మీద కూర్చున్నప్పుడు నా భుజం తగిలేది ఆ గూటికే. కుబుసాన్ని మామ చేతిలో పెట్టి, స్టూలును అవతలి పక్కకు జరిపినాను.

ఆ రోజే అవ్వ కళ్ళలో మందు వేస్తుంటే, "నువ్వు మంచిదానివే పాపా. మధ్యాహ్నం పూట నా కాళ్ళ మీద తడి తువ్వాలు ఏస్తావు. మంటలన్నీ సల్లబడతాండాయి" అంది.

"నేనెప్పుడు వేసినాను అవ్వా?"

"నిన్న ఏసినావు, మొన్న ఏసినావు. మెల్లగా ఏస్తావు, మెల్లగా తీస్తావు."

మందు చుక్క అవ్వ కంట్లో పడకుండా చెంప మీద పడింది. తుడిచి ఇంకొక చుక్క వేసినాను. చెప్పి ఆమె కాళ్ళకు ఆ సుఖం లేకుండా చేయడం ఎందుకు అనిపించింది. మామకు మాత్రం చెప్పినాను; మర్నాడు మధ్యాహ్నమంతా ఇద్దరం అవ్వ మంచం పక్కన కాపు కాస్తే అది రాలేదు.

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు ముందు గదిలో కీబోర్డు మోగింది. మా నాయన సంఘంలో పాటలు నడిపిస్తాడు, ఆ కీబోర్డు ఆయనది; మర్నాటి కూడికకని పొద్దున సరిచూసి, ఆపడం మర్చిపోయినాడు. దాని మీద మఖమలు గుడ్డ కప్పి ఉంటుంది, పక్కన స్పీకరు పెట్టె. స్టూలు మీదున్న అమ్మ తప్ప మేమందరం వంటింట్లో ఉన్నాము. మొదట బాగా కింది స్వరం ఒకటి, చాలాసేపు, ఎవరో వేలు పెట్టి తీయడం మర్చిపోయినట్టు మోగింది. ఆగింది. తర్వాత దాని పక్క స్వరం. మేము గుంపుగా పోయి గుమ్మంలో నిలబడినాము. ముందు గదిలో మంచం మీద అవ్వ ఒక్కతే ఉంది. "వాయించేది కొత్తోళ్ళా?" అంది. మామ పోయి గుడ్డ లాగినాడు. కింద ఏమీ లేదు. నల్ల మీట ఒకటి మాత్రం అప్పుడే లేచి పైకి వచ్చింది.

శనివారం వచ్చింది. కూడిక ఆపమని నాయనను మామ బతిమాలినాడు. పిలిచినవాళ్ళకు ఏమని చెప్పాలని నాయన. చివరికి సగం పొద్దు వెతికి, దొరక్క, చాపలు పరిచినాము. ముందు గది నిండిపోయింది. అక్క బిడ్డను ఒళ్ళో పెట్టుకొని నట్టనడుమ కూర్చుంది. వెలిగండ్ల అత్త కుర్చీలో నిటారుగా, స్పీకరు పెట్టె పక్కనే; ఆమెకు ఇవతల చాప మీద నేను. పాటలయినాయి. ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తప్ప.

స్పీకరు పెట్టె వెనక బెజ్జంలోంచి బంతి తల బయటికి వచ్చింది. తొందరేమీ లేదు దానికి. కొత్త చర్మం నూనె రాసినట్టు మెరుస్తూ, వెలిగండ్ల అత్త కుర్చీ వీపు మీదుగా జారి, ఆమె చెయ్యి ఆనించిన చోటికి వచ్చి ఆగింది. నేను చూపు ఎత్తితే ఆమె కళ్ళు గూడా తెరిచే ఉన్నాయి. పామును చూసింది. నన్ను చూసింది. తర్వాత నట్టనడుమ కూర్చున్న కోడలినీ మనవణ్ణీ చూసింది. ఎవరన్నా ఒక్క కేక వేస్తే అంతమంది లేచి తొక్కేది వాళ్ళనే. ఆమె మెల్లగా రెండో చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. నేనూ గట్టిగా పట్టుకున్నాను. ప్రార్థన చేసే అయ్యగారు దేశాల కోసం, నాయకుల కోసం, వానల కోసం, రోడ్ల కోసం ప్రార్థిస్తూనే ఉన్నారు. అంత పొడుగు ప్రార్థన నేను మళ్ళీ వినలేదు.

బంతి కుర్చీ దిగి, చాప అంచున పాకి, అవ్వ మంచం దగ్గరికి పోయి, వేలాడుతున్న ఆమె పాదాల మీదుగా ఎక్కింది. "స్తోత్రం" అంది అవ్వ తృప్తిగా. అందరూ స్తోత్రం అన్నారు. అంతమంది గొంతు ఒక్కసారి లేచేసరికి అది బెదిరి, ఆ పాదాల దగ్గరే గుండ్రంగా చుట్టుకుపోయింది. అప్పటికి మామ గూడా చూసినాడు. మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి, అవ్వ శాలువాలో దాన్ని మూట కట్టి, ఏడ్చే బిడ్డను బయటికి తీసుకుపోయే తండ్రి మాదిరి తల వంచుకొని గుమ్మం దాటినాడు. వెనకాలే ఆమెన్ వినబడింది.

అందరూ భోజనాలకు లేచినాక అత్త నా చెయ్యి ఇంకా వదల్లేదు. నన్ను దొడ్లోకి తీసుకుపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది అది?"

"ఈ వారమే అత్తా. విషం లేదు."

"మా కోడలికి తెలుసా?"

"తెలీదు. పందికొక్కు అని చెప్పినాము."

ఆమె "పందికొక్కు" అని మళ్ళీ అనుకుంది. పెదవి ఒక పక్క వణికింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని, నీళ్ళ తొట్టి పట్టుకొని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నాకూ ఆగలేదు. ఆ రాత్రి బండెక్కే ముందు మా అమ్మతో, "వదినా, అమ్మాయిని ఇంకొక నెల ఉండనీ. మీ ఇంట్లో అందరూ బాగా కనిపెట్టుకొని ఉండారు" అంది.

మామ మర్నాడే బంతిని తీసుకొని బస్సెక్కి, బెంగళూరులో ఎవరో స్నేహితుడి దగ్గర వదిలి వచ్చినాడు. తర్వాత కొమరోలులో సెల్ ఫోన్లు బాగు చేసే దుకాణం పెట్టుకొని నిలదొక్కుకున్నాడు.

ఇప్పుడు నేను గిద్దలూరులో జువాలజీ పాఠాలు చెప్పుకుంటున్నాను. మా ఇల్లు కొత్తది, నేల తెల్లటి టైల్సు, ఎక్కడా సందు లేదు. సాయంత్రమయితే ఈయన ఒక గదిలో, పిల్లలు చెరొక గదిలో, తలుపులేసుకొని, ముఖాల మీద ఫోన్ల వెలుతురుతో ఉంటారు. అన్నానికి పిలిస్తే పలకరు. అట్లాంటప్పుడు నేను వంటింట్లోంచి మెల్లగా, "ఇక్కడేదో కదిలినట్టుందే" అంటాను. మూడు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఒకరి వెనక ఒకరు, ఒకరి భుజం ఒకరు పట్టుకొని, టార్చి వేసుకుంటూ వస్తారు. "ఏదీ, ఎక్కడ?" అంటూ స్టవ్ కిందా, ఫ్రిజ్ వెనకా అందరూ కలిసి వంగి చూస్తారు.

ఆ కాసేపట్లో నేను కంచాలు పెట్టేస్తాను.