బండికి కొత్త మొహం

మా ఆయనది దూరప్రయాణాల బండి. ముందు పెద్ద నీలం ప్లాస్టిక్ తొడుగు, దానిమీద గాలికి అడ్డుగా ఎత్తైన అద్దం, రెండు పక్కలా రెక్కలు. దీన్ని ఫెయిరింగ్ అంటారని ఆయనే చెప్పారు. కాశ్మీరు వెళ్ళడానికని కొన్నారు. ఇప్పటిదాకా అది చూసిన దూరాభారమల్లా మా కోనసీమలోనే ఉన్న దిండి. మామూలు రోజుల్లో కొత్తపేట నుంచి అమలాపురం, ఉద్యోగానికి. ఆదివారాలు మాత్రం వెనక అత్తయ్యగారిని ఎక్కించుకుని ముమ్మిడివరం. అక్కడ ఆవిడ అక్కగారు మంచం పట్టి ఉన్నారు. వారానికోసారి ఆవిడకి తల దువ్వి జడ వేసేది మా అత్తయ్యగారే.

ఫోన్లో ఎవరో కుర్రాళ్ళు పెట్టిన వీడియోలు చూసి, ఆ తొడుగు మరీ ముసలి వేషంలా ఉందని మా ఆయనకి తోచింది. పాతకాలపు గుండ్రటి లైటు, దాని చుట్టూ చిన్న నల్ల తొడుగు పెడితే కుర్రదనం వస్తుందట. బండికా, తమకా అని అడిగాను. చక్కగా మెకానిక్కుకి ఇవ్వకుండా ఇంట్లోనే చేస్తానని సామాను పార్సిల్లో తెప్పించి, వసారాలో పాత దుప్పటి పరిచారు.

విప్పిన బోల్టులు కలిసిపోకుండా నా ఇడ్లీ రేకులు పట్టుకెళ్ళారు. ఒక్కో గుంటలో ఒక్కో రకం. ఆ తెలివిని మెచ్చుకున్నాను గాని, ఆ వారమంతా మా ఇంట ఉప్మాయే. అత్తయ్యగారు కుర్చీ వేయించుకుని పర్యవేక్షించారు. కొత్త లైటు వెలిగింది. అంతా బిగించాక ఒక గుంటలో ఒక బోల్టు మిగిలిపోయింది. ఇదెక్కడిదండీ అంటే, ఎక్స్‌ట్రా ఇచ్చేరన్నారు, నా మొహం చూడకుండా.

పాత తొడుగుని గోనెసంచిలో చుట్టి అటక ఎక్కించారు. బండి అమ్మేటప్పుడు మళ్ళీ తగిలించవచ్చు, ఒక్క గీతైనా పడలేదని మురిసిపోయారు.

ఆదివారం అత్తయ్యగారు అక్క కోసం మెత్తగా చేయించిన సున్నుండలు సంచిలో పెట్టుకుని బండి దగ్గరికి వచ్చారు. ఎక్కేముందు ఆవిడకో అలవాటు. బండి కొన్నప్పుడు అయినవిల్లి గుళ్ళో పూజ చేయిస్తే, పంతులుగారు ముందు తొడుగు మీద సింధూరంతో స్వస్తికం వేశారు. అది చెరిగిపోకుండా మా ఆయన పైన టేపు కూడా అంటించారు. దాన్ని తాకి కళ్ళకద్దుకుంటేగాని ఆవిడ బండెక్కరు. ఆవేళా చెయ్యి చాచారు. అక్కడ గుండ్రటి లైటు ఉంది. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ సింధూరం బొట్టు అటకమీద ఉందని ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను కుంకం తెస్తానన్నాను. పంతులుగారు పెట్టిందీ నువ్వు పెట్టిందీ ఒకటేనా అన్నారు అత్తయ్యగారు. పోనీ మళ్ళీ పూజ చేయిద్దామంటే, ఒకే బండికి రెండుసార్లయితే స్వామి ఏమనుకుంటాడన్నారు. పూజ చేసింది బండికి గాని ప్లాస్టిక్కుకి కాదని, ఇంజను అదేనని మా ఆయన వాదించారు.

"మనిషిని మొహం చూసి గుర్తుపడతామా, లివరు చూసి గుర్తుపడతామట్రా?" అని అడిగి, సంచి పట్టుకుని ఆవిడ బస్సుకి నడిచారు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని నేను అనకుండా ఉండలేకపోయాను.

అమలాపురంలో బస్సు మారి వెళ్ళి, సాయంత్రం మోకాలు పట్టుకుని ఇంటికొచ్చారు. ఇలాగైతే అక్కని ఇంకెన్నాళ్ళు చూడగలనో అన్నారు. నాకు చాలా బాధేసింది. ఆ వారమంతా మా ఆయన ఆఫీసుకి బయల్దేరినప్పుడల్లా ఆవిడ గేటు దగ్గర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చేవారు. అలక ఇంకా తీరలేదనుకున్నాను.

శనివారం మా ఆయన అటకెక్కారు. గీత పడనివ్వని ఆ తొడుగుని రంపం బ్లేడుతో కోసి, సింధూరం ఉన్న మేర అరచేతంత ముక్క తీసి, అంచులు ఆకురాయితో నున్నగా అరగదీశారు. మిగిలిన బోల్టుకి పని దొరికింది. వెనక సీటు పక్కన అత్తయ్యగారు పట్టుకునే కడ్డీకి ఆ ముక్కని బిగించారు. మర్నాడు ఆవిడ రాగానే, చెయ్యి అందేచోటే పెట్టేనమ్మా అని గొప్పగా చూపించారు.

ఆవిడ దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. కాని ఎక్కలేదు.

"ఇక్కడెందుకురా, ముందుకి మార్చు," అన్నారు. "నేనెక్కేది ఆదివారం. నువ్వు రోజూ వెళ్తావు."

మా ఆయన లోపలికెళ్ళి డ్రిల్లు తెచ్చి, అంత ముచ్చటపడి తెప్పించుకున్న నల్ల తొడుగుకి నట్టనడుమ కన్నం పెట్టి ముక్కని అక్కడ బిగించారు. నలుపు మీద ఆ నీలం ముక్క అతుకు అల్లంత దూరానికి కనిపిస్తుంది. ఇది ఏ మోడలండీ అని ఎవరైనా అడిగితే మాట మారుస్తారు. ఆ విషయంలో మాత్రం నేను వేళాకోళం చెయ్యను. పొద్దున్న ఆయన బయల్దేరే వేళకి అత్తయ్యగారు స్నానంలో ఉంటే, ఆ బొట్టు తాకి కళ్ళకద్దుకునేది నేనే.