పాటిదిబ్బ గోడమీద నాలుగు వేళ్లు

నిన్న బ్రాడీపేటలో తొలివాన పడింది. కిటికీ పక్కన అట్టపెట్టెలో ఉన్న మట్టిబెడ్డ చెమ్మ పీల్చుకుని, పులిసిన బురద వాసన, నానిన వరిపొట్టు వాసన వేస్తోంది. వాన వచ్చిన ప్రతిసారీ దానిమీది వేలిముద్రలు కొంచెం కొంచెం రాలిపోతున్నాయి. తుడవలేను, తడపలేను. ఏం చేయాలో తోచక పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాను.

మా అమ్మ మార్తమ్మ మట్టిగోడలు వేసేది. మిరప కోతలు అయిపోయి ఈస్టరు ఇంకా రాని రోజుల్లో, మా చర్చి వీధి ఆడవాళ్లంతా కూలి తీసుకోకుండా ఒక ఇంటి తర్వాత ఇంకో ఇంటికి చేరి, మట్టిలో పొట్టు కలిపి నాలుగు రోజులు పులియబెట్టి, చీరలు మోకాళ్ల పైకి దోపుకుని తొక్కుతుంటే, పిల్లలం ఆ బురదలో గెంతి తిట్లు తినేవాళ్లం. మధ్యాహ్నం జొన్నసంకటి, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. వాకిట్లో ఎండుకాయల తొడిమలు తీసేవాళ్లం కాబట్టి మిరపగింజలు అన్నంలోకీ పక్కబట్టల్లోకీ కూడా వచ్చేవి. గోడ మూరెడు లేచాక ఎండనిచ్చి, దానిమీద ఇంకో మూరెడు. ఆఖరి వరస అయ్యాక, పొయ్యి మూలన తడిమట్టిలో ఒక్కొక్కరూ నాలుగు వేళ్లు అద్దేవాళ్లు. ఈ గోడ కూలితే మళ్లీ వస్తామని మాట ఇవ్వడం అది.

మట్టి మాత్రం పాటిదిబ్బ నుంచే రావాలి. ఎప్పుడో పాడుబడిన ఊరు వానలకు కరిగి గుట్టగా మిగిలిన చోటు అది. అక్కడ దొరికే నున్నటి రాతిగొడ్డళ్లతో ఆడుకునేవాళ్లం. ఇనుము తెలియని కాలపు మనుషులవని పెద్దయ్యాక తెలిసింది. ఆ మన్నుతో వేసిన గోడ పగలదని అమ్మ నమ్మకం. మిరపచేలో చల్లితే వేరే ఎరువు అక్కర్లేదని రైతుల నమ్మకం.

నాకు పదేళ్లప్పుడు అమ్మ పలుగు దెబ్బకు పెళ్ల ఊడి, లోపల గోడ కనిపించింది. మా గోడల్లాగే మూరెడు మూరెడు వరసలు. కింద మూలన, బూడిద పక్కన, నాలుగు వేలి గుంటలు. అమ్మ పలుగు పడేసి తన వేళ్లు వాటిలో పెట్టి చూసింది. సరిగ్గా పట్టాయి.

“మన మాదిరి ఆడమనిషేనే. దీన్ని తవ్వకూడదు. ఎవరికీ చెప్పమాకే,” అంది. ఇద్దరం మట్టి కప్పేసి వచ్చాం.

వారం కూడా ఆగలేకపోయాను. మేం కాయలు కోసే చేను రైతు, “బూడిద మన్ను ఏ పక్కనుందో తెలుసా అమ్మాయ్?” అని అడిగాడు. నాకే తెలుసన్న గొప్పకు పోయి, వెళ్లి చోటు చూపించాను. సాయంత్రానికి ట్రాక్టర్లు ఆ పక్కంతా ఎత్తుకెళ్లి చేలో చల్లేశాయి. ఆయన్ని అనడానికేం లేదు, అందరూ చేసే పనే. తప్పంతా నా నోటిది.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. మూడు రోజులు ఎండలో ఆ చేలో బెడ్డ బెడ్డా తిరగేసింది. నేను అన్నం మానేసి ఏడుస్తుంటే, నాలుగోరోజు ఒక బెడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. దానిమీద నాలుగు గుంటలు.

“దొరికిందిలే. ఇంక ఊరుకో.”

ఆ బెడ్డే ఇది. అమ్మ పోయింది. మా ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు, అందరి వేలిముద్రలూ ఉన్న ఆ గోడల మట్టి కూడా ఎవరి చేలోకో పోయింది. పాటిదిబ్బ ఉన్నచోట ఇప్పుడు చదునైన పత్తిచేను. ఈ ఒక్కటైనా రాలిపోకముందే కాపాడుకోవాలని, పోయిన నెల పురావస్తుశాస్త్రం చెప్పే ఒక లెక్చరరు గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన భూతద్దంతో చాలాసేపు చూసి, పగులు లోపల, తడిమట్టిలోనే కలిసి దాంతోపాటు ఎండిపోయిన గింజను చూపించారు.

“ఇది మిరపగింజమ్మా. మీరు చెప్పే కాలంలో మన దేశంలోనే మిరప లేదు. ఈ బెడ్డ అంత పాతది కాదండి.”

అంటే నాలుగోరోజు కూడా అమ్మకు ఏమీ దొరకలేదు. నా ఏడుపు చూడలేక మా వాకిటి మట్టి తడిపి, తన వేళ్లే అద్ది, ఎండబెట్టి తెచ్చింది. వేల ఏళ్లు నిలిచిన ఆ గోడ ఇంక పిడికెడు కూడా లేదు. నేను పోగొట్టాను.

ఇప్పుడు మిగిలినవి అమ్మ వేళ్లే. చిటికెన వేలి ముద్ర నిన్నటి చెమ్మకు రాలిపోయింది. ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టి పెట్టెలోనే పెట్టాను. ఇంకా మూడు ఉన్నాయి. వానాకాలం ఇప్పుడే మొదలైంది.