పర్ణశాల గౌను

నిన్న పెళ్లి నుంచి రాగానే నా కూతురు పట్టుగౌనుతోనే నేల మీద కూర్చుని మామిడిపండు చీకుతోంది. మా అమ్మ మురిసిపోతూ చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్ల పిల్ల మీద అసూయేమిటంటారా? ఉంది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. దుమ్ముగూడెంలో మా ఇంట్లో, పర్ణశాల రాముడి గుడికి వెళ్లొస్తే మంచినీళ్లు తాగాలన్నా ముందు కొత్త గౌను విప్పాలి. అది కలరా ఉండలతో ట్రంకుపెట్టెలోకి వెళ్లేది, నేను అన్నయ్య పాత స్కూలు చొక్కాలోకి. మళ్లీ బయటికి తీసేసరికి గౌను నాకు పొట్టిదైపోయేది.

"అమ్మా, నన్నెప్పుడన్న గిట్ల ఉండనిచ్చినవా?" అని అడిగాను.

"చిన్నపిల్ల, ఉండనియ్యి. నువ్వేందే, ఇంకా పట్టుచీర మార్చుకోలే?"

లేచి వెళ్లి పాత నైటీ వేసుకున్నాను.