కిటికీ చువ్వలకు కరెంటు

మిర్యాలగూడలో మా పెద్దనాన్న వాళ్ల వంటగది కిటికీ చువ్వలు వంచి ఎవరో ఇత్తడి బిందెలు ఎత్తుకుపోయారు. నేను సూర్యాపేటలో ఎలక్ట్రికల్ ఇంజనీరుని. ఆదివారం కొత్త చువ్వలు, గడియలు, ఒక అలారం తీసుకుని బస్సెక్కాను.

ఇనుము ఏదైనా ముట్టుకునే ముందు టెస్టరు పెట్టి చూడటం నా అలవాటు. చువ్వకు ఆనించగానే టెస్టరు వెలిగింది. వెనకాలే పెద్దమ్మ, తడి చీర ఆ చువ్వల మీదే ఆరేయడానికి వస్తోంది.

"ఆగు పెద్దమ్మా!" అని అరిచి, పరుగెత్తి మెయిన్ ఆపేశాను.

కిటికీ లోపలి నుంచి ఒక తీగ ప్లగ్గు దాకా పోయి ఉంది.

"దొంగ కోసం పెట్టిన," అన్నాడు పెద్దనాన్న. "పొద్దుగాల తీద్దామనుకుని యాది మర్సిన. చేన్ల పందులకు పెడ్తలేరా?"

"గా తీగలకే మనుషులు సస్తున్నరు, పెట్టినోళ్లు జైలుకు పోతున్నరు. పందులకు పెట్టుడు గూడ నేరమే పెద్దనాయినా."

"నా ఇంట్ల నన్ను నేను కాపాడుకోవద్దా?"

కాపాడుకోవచ్చు. ఆ హక్కు చట్టంలోనే ఉంది. కాకపోతే ప్రమాదం నిజంగా మీదికి వచ్చి ఉండాలి, దెబ్బ దాన్ని ఆపడానికి అవసరమైనంతే ఉండాలి, ప్రమాదం తొలగగానే చెయ్యి ఆగాలి. తీగ వీటిలో ఒక్కటీ చూడదు. కత్తి పట్టుకొచ్చినవాడినీ, బంతి కోసం గోడ దూకిన పిల్లవాడినీ ఒకే వోల్టేజితో పట్టుకుంటుంది. ఇదంతా ఆయనకు విడమర్చి చెప్పాను.

పెద్దమ్మది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ, మాట అటువైపుది. ఆమెకు ఇంత వివరణ అవసరం లేకపోయింది. "దొంగ దొరికినా దొరక్కపోయినా, మీరు నా పెద్దకర్మ చేసుండేవాళ్లు కదండీ!"

పెద్దనాన్న తడి చీర వంక చూశాడు. తర్వాత తనే వెళ్లి తీగ పీకి చుట్ట చుట్టాడు.

నేను లావు చువ్వలు బిగించి, కిటికీ కదిలిస్తే మోగే అలారం పెట్టాను. పెద్దనాన్న పక్కకొచ్చి అడిగాడు.

"కట్టె అన్న పెట్టుకోవచ్చా, గది గూడ నేరమేనా?"

"పెట్టుకో. మీదికొస్తె ఆపనీకి కొట్టు. ఉరికెటోని ఎంబడి పడి మాత్రం కొట్టకు."

"ఆ మోకాళ్లతో ఈయన వెంటపడటమా!" అంది పెద్దమ్మ. "దొంగే ఆగి చెయ్యందించాలి."

నాకు నవ్వాగలేదు. పెద్దనాన్న మాత్రం నవ్వకుండా జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నవ్వింది సాలు గని, పోలీసోళ్ల నంబరు ఇండ్ల ఎక్కియ్యి. పెద్దగ కనవడాలె."