ఫెయిల్, మళ్ళీ రండి

మా మామయ్య ఎవరినీ మొదటిసారికే పాస్ చేసిన పాపాన పోలేదు. డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఉద్యోగం ఆయనది. బండి ఆగగానే తాపీగా సీటు బెల్టు విప్పుకుంటూ, "ఫెయిల్. మళ్ళీ రండి," అనేవాడు. రిటైరయ్యాక పరీక్షలు పోయాయి గానీ ఆ మాట పోలేదు. అత్తయ్య కాఫీ ఇచ్చినా ఒక గుక్క తాగి అదే తీర్పు.

"మళ్ళీ వచ్చేది లేదు. తాగితే తాగండి, లేకపోతే సింకులో పారబోయండి," అనేది అత్తయ్య.

ఆవిడ పోరు పడలేక నేనే ఆయన్ని మా ఆన్‌లైన్ బొమ్మల గ్రూపులో చేర్చాను. దానికి అడ్మిన్‌ని నేనే. ఎవరేం గీసి పెట్టినా "సూపర్", "అద్భుతం" అనడం అక్కడి ఆనవాయితీ. ఒకాయన గుర్రాన్ని గీస్తే, కుక్క ఎంత ముద్దుగా ఉందో అని మెచ్చుకున్నవాళ్ళున్నారు.

పళ్ళ డాక్టరుగారు సూర్యాస్తమయం వేసి పెట్టారు. పొగడ్తల మధ్య మామయ్య రాశాడు: "సూర్యుడు చెట్టు వెనక ఉన్నాడు. నీడ కూడా వెనకే పడిందేం? ఫెయిల్. మళ్ళీ రండి."

డాక్టరుగారు నాకు ఫోన్ చేశారు. "ఇన్నేళ్ళుగా పళ్ళు పీకుతున్నాను, ఇంత నొప్పి నేనెవరికీ పెట్టలేదండీ!"

ఆయన్ని ఎలాగో బుజ్జగించాను. ఈలోగా బేకరీ నడిపే ఒకావిడ కొత్త బొమ్మ పెట్టింది. వానలో వాళ్ళ నాన్న వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. మామయ్య వెంటనే, "కుడిచేతిలో గొడుగు, ఎడమచేతిలో సంచి. లేసు ఎవరు కడుతున్నట్టు? ఫెయిల్. మళ్ళీ రండి," అన్నాడు.

గ్రూపంతా ఒంటికాలి మీద లేచింది. "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అని తేల్చేశారు డాక్టరుగారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మామయ్యకు మిగిలిన సరదా ఆ గ్రూపొక్కటే. అది కాస్తా లాగేసుకోవడానికి నాకు చేతులు రాలేదు. నేరుగా చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను.

హాల్లో మామయ్య విప్పిన గొడుగుతో, కూరగాయల సంచితో వంగి, బూటు లేసు అందక ఆయాసపడుతున్నాడు.

"పొద్దుటి నుంచీ ఇదే వరస. ఆ బొమ్మలో ఆయన లేసు ఎలా కట్టుకుంటాడో చూడాలిట," అంది అత్తయ్య.

"మామయ్యా, నచ్చితే బాగుందను, లేకపోతే ఊరుకో. అందరూ నొచ్చుకుంటున్నారు. నిన్ను తీసెయ్యమంటున్నారు."

మామయ్య గొడుగు ముడిచి కుర్చీలో కూలబడ్డాడు. "నేనేమన్నానురా? మళ్ళీ రమ్మనే కదా అన్నాను!"

"వాళ్ళు ఫెయిల్ దగ్గరే ఆగిపోతున్నారు."

"సరే, తీసెయ్. కాకపోతే బేకరీ ఆవిడ బొమ్మ వచ్చాక తీసెయ్."

"ఆవిడ ఈపాటికి కుంచెలు అవతల పారేసి ఉంటుంది."

"వస్తుందిరా. ఆ వాన అంత బాగా వేసిన మనిషి మానదు."

నాకు నమ్మకం లేకపోయింది. కాఫీ తాగి, బరువు మనసుతో ఆయన పేరు తొలగించబోతూ ఫోన్ తెరిచాను. బొమ్మ వచ్చింది! సంచి నేల మీద ఉంది. గొడుగు కర్ర మెడకీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. నాన్న రెండు చేతులూ లేసు మీదే. కింద ఆవిడ మాట: "ఇన్నాళ్ళూ నా బొమ్మలన్నిటికీ సూపర్ అన్నారు, సంతోషం. మళ్ళీ రమ్మన్నది మాత్రం ఈయనొక్కరే. వచ్చాను."

మామయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. మొహం చాటంతయింది. నాకూ ఎంత సంతోషమేసిందో! ఇప్పుడైనా పాస్ చేస్తాడనుకున్నాను.

"గొడుగు భేష్. బూట్లు రెండూ ఎడమకాలివే. ఫెయిల్. మళ్ళీ రండి."

నేను మామయ్య పేరు తొలగించలేదు. డాక్టరుగారూ గ్రూపు వదల్లేదు. మర్నాడు ఆయన దగ్గర్నుంచి ఫోను.

"మీ మామయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉన్నాడండీ. ఏం?"

"నీడ ఇటువైపుకి మార్చి పొద్దున్నే పెట్టాను. అందరూ సూపర్ అన్నారు గానీ..." అని కాస్త నసిగి, "ఆయనింకా ఏమీ అనలేదండీ," అన్నారు.